పదకొండంతస్తుల మేడ, రోప్ తెగే లిఫ్టు: ఈ కథకు ఏ పుస్తకాలు, ఎంతవరకు చదవాలి?

చీకటిమెట్లు:

నలభై పేజీల దాకా వచ్చే పెద్ద కథ ఒకటి రాస్తున్నాను. ఊరికి పేరు లేదు, కాలమూ చెప్పలేదు. పదకొండంతస్తుల పాత మేడ, దానికి ఒకే లిఫ్టు. కింద వీధిలో జేబుదొంగల ముఠా. తన మాట కాదన్న మనిషిని చంపడానికి ముఠా నాయకుడు మెషిన్ రూమ్‌లోకి చొరబడి రోప్ కోసేస్తాడు. లిఫ్టు పదో అంతస్తు నుంచి కిందికి పడిపోతుంది. పతాక సన్నివేశం అదే. చదివేవాళ్ళకి వెన్ను జలదరించాలి, విషయం తెలిసినవాళ్ళకి మాత్రం నవ్వు రాకూడదు.

ఇంజనీరింగ్ డిజైన్ మీద షిగ్లీ పాఠ్యపుస్తకం, వీధి నేరాల మీద న్యూమన్ 'డిఫెన్సిబుల్ స్పేస్', మారర్ 'విజ్ మాబ్' ముందేసుకున్నాను. చీకటి సాహిత్యంలో పో, కాఫ్కా. షిగ్లీ మొత్తం చదవాలంటే ఏడాది పడుతుంది. ఈ కథకు ఏది ఎంతవరకు చదివితే చాలు? రోప్ సన్నివేశం నిలుస్తుందా? దొంగల పని ఎలా చూపిస్తే నిజంలా ఉంటుంది?

రోప్‌గ్రీజు:

సన్నివేశం నిలవదండి. ఎందుకు నిలవదో తెలిస్తే అంతకంటే భయంకరమైనది చేతికొస్తుంది, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

లిఫ్టు ఒక్క రోప్ మీద వేలాడదు. మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది ఉంటాయి. ఐరోపా వాళ్ళ ఇ.ఎన్. 81 ప్రమాణం ప్రకారం మూడు, అంతకంటే ఎక్కువ రోప్‌లున్న చోట భద్రతా గుణకం 12కు తగ్గకూడదు. అంటే మోయాల్సిన బరువుకు పన్నెండు రెట్లు తట్టుకోవాలి. మీ నాయకుడు ఒకటి కోసినా, రెండు కోసినా లిఫ్టుకు ఏమీ కాదు. పోనీ అన్నీ కోశాడనుకుందాం. వేగం పరిమితి దాటగానే గవర్నర్ (లిఫ్టు వేగాన్ని కనిపెట్టి ఉండే పరికరం) పట్టుకుంటుంది (ఆ ప్రమాణంలోనే, నిర్ణీత వేగానికి కనీసం 115 శాతం దగ్గర), దాని లాగుడుకు క్యాబిన్ కింది సేఫ్టీ గేర్ గైడ్ రెయిల్స్‌ని కరిచేస్తుంది. ఎలైషా ఓటిస్ 1854లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జనం ముందు చూపించింది ఇలాంటిదే: తాను నిలబడ్డ వేదిక తాడు కోయించాడు, వేదిక కాస్త జారి ఆగిపోయింది. 1945లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌లో లిఫ్టు నిజంగానే డెబ్బై అయిదు అంతస్తులు పడింది. అయితే దానికి ఒక బాంబర్ విమానం వచ్చి భవనాన్ని ఢీకొట్టాల్సి వచ్చింది. అప్పుడు కూడా లోపలున్న ఆపరేటర్ బతికింది.

కరెంటు పోతే లిఫ్టు పడుతుందని కూడా రాయకండి. బ్రేకును బిగించి ఉంచేది స్ప్రింగు, కరెంటు దాన్ని వదిలిస్తుంది. కరెంటు పోయిందంటే బ్రేకు పడినట్టే. లోపల ఇరుక్కుంటే ఊపిరాడదన్నదీ తప్పు. క్యాబిన్‌కి పైనా కిందా గాలి సందులుంటాయి. పైకప్పు తలుపు తోసుకుని ఎక్కడమూ వద్దు. చాలా లిఫ్టుల్లో ఆ తలుపే ఉండదు, ఉన్నా లోపలి నుంచి తాళంచెవి లేనిదే తెరుచుకోదు.

ఇక అసలు సంగతి. లిఫ్టు పైకి పడుతుంది.

రోప్‌ల రెండో కొసన క్యాబిన్‌కు ఎదురు తూకంగా వేలాడే కౌంటర్ వెయిట్ బరువెంతో చూడండి: ఖాళీ క్యాబిన్ బరువుకు, మోయగల బరువులో దాదాపు సగం కలుపుతారు. క్యాబిన్ 1000 కిలోలు, మోయగలిగింది 600 కిలోలు అనుకుంటే కౌంటర్ వెయిట్ 1300. లోపల 70 కిలోల మనిషి ఒక్కడే ఉంటే ఇటు 1070, అటు 1300. తేడా 230 కిలోలు, అదీ పైకి లాగేవైపు. బ్రేకు జారిందంటే క్యాబిన్ పైకి పోతుంది. రాపిడి, పుల్లీ జడత్వం వదిలేస్తే త్వరణం సెకనుకు సెకనుకు 0.95 మీటర్లు. ముప్పై మీటర్ల ఎత్తు చేరేసరికి ఎనిమిది సెకన్లు, వేగం గంటకు 27 కిలోమీటర్లు. అప్పుడు కౌంటర్ వెయిట్ కింద బఫర్‌ని (దెబ్బను మెత్తబరిచే దిమ్మ) గుద్దుకుంటుంది, రోప్‌లు వదులవుతాయి. క్యాబిన్ మాత్రం తన ఊపులో ఇంకా పైకి లేస్తుంది. అడ్డేమీ లేకపోతే లెక్కకు 2.9 మీటర్లు లేవాలి, కానీ అడ్డు ఉంటుంది: షాఫ్టు పైన ఉండే మెషిన్ రూమ్ నేల. పాత లిఫ్టుల్లో సేఫ్టీ గేర్ కిందికి పోయేటప్పుడే పట్టుకుంటుంది, పైకి పోతుంటే పట్టుకోదు.

అదే ఎత్తు నుంచి కిందికి పడితే రెండున్నర సెకన్లు. అరవడానికి కూడా చాలదు. పైకి ఎనిమిది సెకన్లు. తను నొక్కిన అంతస్తు దాటిపోవడం, అంకెలు వరసగా వెలిగి ఆరిపోవడం, లోపలివాడికి అర్థం కావడం, అన్నీ ఆ ఎనిమిదిలో పడతాయి.

పుస్తకాల విషయం. షిగ్లీలో బెల్టులు, గొలుసులు, వైర్ రోప్‌ల అధ్యాయం ఒక్కటీ, దానికి ముందు లోహం అలసట (మళ్ళీ మళ్ళీ పడే ఒత్తిడికి బలహీనపడటం) మీద అధ్యాయమూ చాలు. రోప్ ఎందుకు తెగుతుందో అక్కడ తెలుస్తుంది: బరువు ఎక్కువై కాదు, పుల్లీ మీద వంగి వంగి. అందుకే పుల్లీ వ్యాసం రోప్ వ్యాసానికి కనీసం 40 రెట్లు ఉండాలంటారు. మొదలుపెట్టాల్సింది మాత్రం జె.ఇ. గోర్డన్ 'స్ట్రక్చర్స్' (1978)తో. లెక్కలు తక్కువ, వస్తువులు బరువును ఎలా మోస్తాయన్న ఊహ బలంగా నాటుకుంటుంది. తరువాత పెట్రోస్కీ 'టు ఇంజనీర్ ఈజ్ హ్యూమన్' (1985). అందులో 1981లో కాన్సాస్ సిటీలో ఒక హోటల్ నడకవంతెనలు కూలి 114 మంది చనిపోయిన సంఘటన ఉంది. పై వంతెన, కింది వంతెన రెండూ ఒకే పొడవాటి ఊచకు వేలాడాలని మొదటి డిజైన్. కట్టడం తేలికవుతుందని దాన్ని రెండు ఊచలు చేసి, కింది వంతెనను పై వంతెన దూలానికే వేలాడదీశారు. పై దూలం కింది నట్టు మీద బరువు రెట్టింపయింది. కాగితం మీద చూస్తే కంటికి ఆనని మార్పు అది. మీ కథకు కావలసింది అలాంటి చిన్న మార్పు. రంపం పట్టుకున్న దుర్మార్గుడితో పని లేదు.

సందుమలుపు:

లిఫ్టు గురించి పైన చెప్పింది అక్షరాలా నిజం. వీధి నేరం వైపు నుంచి కొన్ని మాటలు.

ముందు జేబుదొంగలు. మారర్ భాషాశాస్త్రవేత్త. 'విజ్ మాబ్' (1955)లో ఆయన పట్టించుకున్నది వాళ్ళ మాటలను, ఆ మాటల్లోంచి బయటపడే పని విభజనను. ఒకడు దారికి అడ్డం నిలబడి మనిషిని ఆపుతాడు, ఒకడు తీస్తాడు, తీసింది క్షణంలో మూడోవాడి చేతికి వెళ్ళిపోతుంది. తీసినవాణ్ణి పట్టుకుని వెతికితే దొరికేది ఏమీ ఉండదు. కథలు రాసేవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే: ఒంటరి దొంగ, మెరుపులాంటి వేళ్ళు, జేబు దగ్గర సన్నని కదలిక, పాత్ర గిర్రున తిరగడం. పోగొట్టుకున్నవాడికి ఆ క్షణంలో ఏమీ తెలియదు. తోపులాట తెలుస్తుంది, ఎవరో క్షమించమనడం తెలుస్తుంది. పర్సు పోయిన సంగతి పది నిమిషాల తరువాత, డబ్బు కట్టాల్సిన చోట తెలుస్తుంది. ఆ పది నిమిషాల ఎడం మీరు వాడుకోవచ్చు.

కదులుతున్న లిఫ్టు లోపల జేబు కొట్టించకండి. నలుగురున్న మూసిన పెట్టెలో దొంగకు పారిపోయే దారి లేదు. పని జరిగేది గడప దగ్గర: ముందు ఎక్కినవాడు రెండడుగులు వేసి ఏదో మరచిపోయినట్టు ఆగుతాడు, వెనకవాళ్ళు వచ్చి తగులుకుంటారు, తలుపు మూసుకోబోతుంటుంది, ఒకడు ఎక్కకుండానే బయట ఉండిపోతాడు. వస్తువు వాడితోనే వెళ్ళిపోతుంది.

ఇప్పుడు దోపిడీ. అది జేబు కొట్టడానికి పూర్తి వ్యతిరేకం. జేబుదొంగకు జనం కావాలి, దోచుకునేవాడికి జనం ఉండకూడదు. ఈ రెండు పనులూ ఒకే ముఠా చేత చేయిస్తున్నారంటే గట్టి కారణం చూపించాలి. 1979లో నేరశాస్త్రవేత్తలు కోహెన్, ఫెల్సన్ చెప్పిన సూత్రం గుర్తుంచుకోండి: చేయాలనుకునేవాడు, అనువైన గురి, అడ్డుకునేవాడు లేకపోవడం. మూడూ ఒకే చోట ఒకే సమయంలో కలిస్తేనే నేరం. ఆ చోటును కట్టేది ఎవరు? భవనం గీసినవాడు.

అందుకే న్యూమన్ పుస్తకం (1972) మీ కథకు గుండెకాయ. న్యూయార్క్‌లో పక్కపక్కనే ఉన్న రెండు ప్రభుత్వ గృహసముదాయాలను పోల్చాడు: ఎత్తైన వాన్ డైక్, తక్కువ ఎత్తున్న బ్రౌన్స్‌విల్. జనసాంద్రత ఇంచుమించు ఒకటే, నేరాలు మాత్రం ఎత్తైన దానిలో ఎక్కువ. లిఫ్టులు, మెట్లు, పొడవాటి వరండాలు, అంటే అందరూ నడిచేవి, ఎవరివీ కానివి, అక్కడే. జేన్ జేకబ్స్ 1961లో వీధి మీద ఉండే కళ్ళ గురించి రాసింది కూడా ఇందుకే. కిటికీలోంచి కనబడే చోట జరగనిది, కనబడని చోట జరుగుతుంది.

అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని ప్రూయిట్ ఐగో ప్రభుత్వ గృహసముదాయం గురించి తప్పక చదవండి. పదకొండంతస్తుల భవనాలు 33. ఖర్చు తగ్గించడానికి లిఫ్టు అన్ని అంతస్తుల్లో ఆగకుండా ఒకటి, నాలుగు, ఏడు, పదిలో మాత్రమే ఆగేలా పెట్టారు. మిగతా అంతస్తులవాళ్ళు దిగి మెట్లెక్కాలి, లేదా దిగాలి. ఎంత? లెక్క వేయండి, ఎవరికైనా ఒక్క అంతస్తే. కాగితం మీద ఏమంత కష్టం కాదు. కానీ ఆ ఒక్క అంతస్తూ ప్రతిరోజూ, ప్రతి మనిషీ, ఒంటరిగా నడవాల్సిందే. వాళ్ళను దోచుకున్నది సరిగ్గా అక్కడే. 1972లో కూల్చడం మొదలుపెట్టారు.

మీ మేడ కూడా పదకొండంతస్తులే కదా.

నల్లసిరా:

సందుమలుపు గారితో ఒక్క చోట విభేదిస్తాను. ప్రూయిట్ ఐగోను లిఫ్టు ఒక్కటే కూల్చిందన్నట్టు రాయకూడదు. నిర్వహణ ఖర్చు అద్దెల్లోంచే రావాలి. నగరంలో జనం తగ్గి ఇళ్ళు ఖాళీ అయ్యేకొద్దీ అద్దెలు తగ్గాయి, అద్దెలు తగ్గేకొద్దీ బాగుచేతలు ఆగాయి, బాగుచేతలు ఆగేకొద్దీ ఇళ్ళు ఇంకా ఖాళీ అయ్యాయి. అక్కడ ఉన్నవాళ్ళు 1969లో అద్దె సమ్మె కూడా చేశారు. డిజైన్ ఒక తలుపు తెరిచింది, డబ్బు లేకపోవడం ఆ తలుపును అలాగే వదిలేసింది. కథకు ఈ తేడా ముఖ్యం. తప్పంతా గీతలు గీసినవాడిదే అయితే మీ కథకు ఒక విలన్ దొరుకుతాడు, భయం మాత్రం తగ్గిపోతుంది.

చీకటి సాహిత్యం నుంచి మీరు నేర్చుకోవాల్సింది వర్ణన కాదు, కొలత. పో రాసిన 'ది పిట్ అండ్ ది పెండ్యులమ్' (1842) చూడండి. చిమ్మచీకటి గదిలో ఖైదీ గోడ పట్టుకుని అడుగులు లెక్కపెడతాడు. పడిపోయేముందు 52, లేచాక 48, మొత్తం నూరు. రెండడుగులకు గజం చొప్పున గది చుట్టుకొలత యాభై గజాలని తేల్చుకుంటాడు. తరువాత వెలుగు పడ్డాక చూస్తే ఇరవై అయిదు గజాలే. పడి లేచిన తరువాత తెలియకుండా వెనక్కి తిరిగి, నడిచిన గోడ వెంటే మళ్ళీ నడిచాడు. లెక్క తప్పలేదు, దిక్కు తప్పింది. చీకటి అన్న మాట వందసార్లు రాసినా ఆ పని చేయలేదు.

రెండోది కాఫ్కా 'ఇన్ ది పీనల్ కాలనీ', 1914లో రాశాడు, 1919లో అచ్చయింది. మనిషిని చంపే యంత్రం గురించి ఒక అధికారి సందర్శకుడికి భాగం భాగంగా వివరిస్తాడు. అతని గొంతులో క్రూరత్వం లేదు, మెకానిక్ అభిమానం ఉంది. ఒక పళ్ళచక్రం కీచుమంటోందని బాధపడతాడు. పట్టీ తెగిందని, కొత్తది అడిగితే తెగినదాన్ని రుజువుగా పంపమంటారని, కొత్తది పది రోజులకు గానీ రాదని, వచ్చినదీ నాసిరకమని ఫిర్యాదు చేస్తాడు. విడిభాగాల కొరత మీద నడిచే ఆ సంభాషణ కంటే ఒళ్ళు జలదరించేది ఆ కథలో ఇంకోటి లేదు. మీ మేడలో లిఫ్టు మెకానిక్ ఎవరైనా ఉన్నాడా? లేకపోతే పెట్టండి. ముఠా నాయకుడి కంటే అతనే అవసరం.

బాలార్డ్ 'హై-రైజ్' (1975) చదవండి గానీ ఈ కథ పూర్తయ్యాకే. నలభై అంతస్తులు, రెండు వేల మంది, లిఫ్టుల కోసం కొట్లాట. ముందే చదివితే దాని నీడ పడుతుంది.

దొంగల యాస విషయం: మారర్ పుస్తకంలోని పదాలను తెలుగు చేసి గుప్పించకండి. ఒకటి రెండు మాటలు మీరే కల్పించి, అర్థం చెప్పకుండా మూడు చోట్ల వాడితే చాలు. చదివేవాడికి సందర్భమే అర్థం చెబుతుంది.

చీకటిమెట్లు:

రోప్ సన్నివేశం తీసేశాను. లిఫ్టు ఒకటి, నాలుగు, ఏడు, పదిలోనే ఆగేలా మార్చాను. పాత్ర ఉండేది అయిదో అంతస్తు, అంటే నాలుగులో దిగి ఒక అంతస్తు ఎక్కాలి.

రెండు సందేహాలు. ఆ ఒక్క అంతస్తు మెట్లు ఎలా ఉంటాయో కళ్ళకు కట్టాలంటే ఏయే కొలతలు కావాలి? రెండు, లిఫ్టు పైకి పడాలంటే బ్రేకు చెడాలి. దాన్ని నాయకుడు చెడగొట్టాలా, దానంతట అదే చెడుతుందా?

సందుమలుపు:

అంతస్తు ఎత్తు మూడు మీటర్లు అనుకోండి. మెట్టు ఎత్తు 167 మిల్లీమీటర్లు పెడితే 18 మెట్లు. మధ్యలో మలుపు, తొమ్మిది ఇటు, తొమ్మిది అటు. నాలుగో అంతస్తు తలుపు దగ్గర నిలబడితే మొదటి తొమ్మిదే కనబడతాయి. మిగతా తొమ్మిది మెట్ల మీద ఎవరున్నారో మలుపు తిరిగితే గానీ తెలియదు. తిరిగాక తెలిసినా లాభం లేదు, వాళ్ళు పైన ఉంటారు, మీ పాత్ర కింద ఉంటుంది. పైగా మెట్లగదికి మంటలు ఆపే బరువు తలుపులుంటాయి, తమంతట తామే మూసుకుంటాయి. పొగను ఆపడానికి పెట్టిన తలుపు కేకను కూడా ఆపుతుంది.

దీపం మలుపు దగ్గర ఒక్కటే పెట్టండి. అది మాడిపోతే రెండు వరసలూ చీకటే. మలుపు గోడకు వీధి కనబడే కిటికీ ఉంటే మొత్తం మారిపోతుంది, కాబట్టి ఉండకూడదు. ఉండేదని, తరువాత ఇటుకలతో మూసేశారని చెబితే ఇంకా మంచిది.

ఒక జాగ్రత్త. దోచుకునేవాడు అక్కడ గంటలకొద్దీ కాచుకుని కూర్చోడు. లిఫ్టు ఎక్కడ ఆగిందో వినబడుతుంది కదా, తలుపు చప్పుడు వింటే చాలు, మలుపు దగ్గరికి రావడానికి సమయం ఉంటుంది. నాలుగు చోట్లే ఆగే లిఫ్టు వాడికి గంట కొట్టి మరీ చెబుతుంది.

రోప్‌గ్రీజు:

బ్రేకు దానంతట అదే చెడాలి. నాయకుడిని మెషిన్ రూమ్‌లోకి రానివ్వకండి.

పాత గేర్ మెషిన్లో మోటారుకూ వర్మ్ గేర్ పెట్టెకూ మధ్య షాఫ్టు మీద బ్రేక్ డ్రమ్ ఉంటుంది. దాన్ని రెండు వైపులా రెండు షూలు (బ్రేకు దిమ్మలు) పట్టుకుంటాయి, డ్రమ్‌కు ఆనే వైపు వాటికి రాపిడి కోసం లైనింగ్ అతికించి ఉంటుంది. గేర్ పెట్టె నిండా నూనె. షాఫ్టు బయటికొచ్చే చోట ఆయిల్ సీల్ ఉంటుంది. సీల్ అరిగితే నూనె షాఫ్టు వెంట చెమ్మలా పాకి డ్రమ్ మీదికి చేరుతుంది. లైనింగ్ నూనె పీల్చుకుంటుంది. స్ప్రింగు బిగువు అంతే ఉన్నా పట్టు పోతుంది. మెకానిక్ గుడ్డతో తుడిస్తే రెండు రోజులు బాగుంటుంది, పీల్చుకున్న లైనింగ్ మళ్ళీ ఊరుతుంది. చేయాల్సిన పని సీల్ మార్చి, లైనింగ్ మార్చడం. దానికి లిఫ్టు ఆపాలి, గేర్ పెట్టె నూనె దించాలి, భాగాలు తెప్పించాలి. నల్లసిరా గారు చెప్పిన పది రోజుల పట్టీ ఇక్కడ సరిగ్గా అతుకుతుంది.

కథకు అక్కరకొచ్చేది దీని ముందస్తు గుర్తు. ఈ రకం పాత లిఫ్టు అంతస్తు దగ్గర ఆగేది బ్రేకు పట్టు మీదే. పట్టు తగ్గేకొద్దీ ఆగాల్సిన చోటు దాటి ఆగుతుంది. ఒక్కడే ఎక్కి పైకి పోతుంటే గడప కంటే పైన ఆగుతుంది, నిండుగా కిందికి వస్తుంటే గడప కంటే కింద. మొదటి వారం వేలెడు తేడా. ఎవరూ గమనించరు, ఒకరిద్దరికి కాలు తట్టుకుంటుంది. నెలకు బెత్తెడు. అప్పుడు ముసలివాళ్ళు గోడ పట్టుకుని దిగుతారు, పిల్లలు గెంతుతారు. ఆ తరువాత జానెడు. ఆ జానెడు సందులోంచి కింద షాఫ్టు చీకటి కనబడుతుంది, చల్లగాలి కాళ్ళకు తగులుతుంది. జేబుదొంగలకూ ఈ మెట్టు ఉపయోగమే. గడప దగ్గర ప్రతివాడూ కిందికి చూసి, ఒక్క క్షణం ఆగి, పక్కవాడి భుజం పట్టుకుంటాడు. వేరే అడ్డం పెట్టాల్సిన పనే లేదు వాళ్ళకి.

కొలతను ఒక్కసారి కూడా మిల్లీమీటర్లలో చెప్పకండి. వేలెడు, బెత్తెడు, జానెడు. మెకానిక్ నోట మాత్రం ఒక్కసారి, అదీ డ్రమ్ మీద వేలు రాసి చూసుకున్నప్పుడు, "సీల్ కావాలని రాసి పంపాను" అనిపించండి.